గేదెల డాక్టరుకు గోరంత పేషంటు

పశువైద్యశాలల్లో కొత్తగా చేరిన పిల్లలు కొందరు "సార్, మీ అనుభవం ఒకటి రాయండి" అని వెంటపడుతున్నారు. గొంతువాపు టీకాల గురించో, కడుపులో అడ్డం తిరిగిన దూడల గురించో రాస్తానని వాళ్ళ ఆశ. అవన్నీ మీ పుస్తకాల్లో నాకంటే బాగానే రాశారు, చదువుకోండి. నేను చెప్పేది నా సర్వీసులో ఆఖరి కేసు. అది గేదె కాదు, గిత్త కాదు, కనీసం మేక కూడా కాదు. కప్ప. నా బొటనవేలి గోరు మీద కూర్చోబెడితే ఇంకా కాస్త చోటు మిగిలేది.

నేను మనిషిని దిట్టం, గొంతు పెద్దది. మార్టూరు వైపు క్వారీ దుమ్ములో మొదలుపెట్టి, బదిలీల మీద బదిలీలతో మంగళగిరి దగ్గరికి వచ్చి ఆగాను. భుజం దాకా చెయ్యి పెట్టి దూడను బయటికి లాగిన రోజులు లెక్కలేనన్ని. రైతులు నన్ను "గేదెల డాక్టరు గారు" అంటుంటే నాకది బిరుదులా ఉండేది. ఎవరైనా కోడినో కుక్కపిల్లనో పట్టుకొస్తే పైకి నవ్వుతూ చూసేవాణ్ణి గానీ లోపల కొంచెం నామోషీగానే ఉండేది. పెద్ద జంతువుకు చేసేదే పెద్ద వైద్యమని నా లెక్క.

నాకు పని నేర్పిన సీనియర్ ఒకాయన ఉండేవారు. ఆయన రిటైరైన చాలా ఏళ్ళకు ఒక పెళ్ళిలో కలిశారు. పక్కపక్కన భోజనానికి కూర్చున్నాం. పప్పు కలుపుకుంటూ ఉన్నట్టుండి అన్నారు: "ఒరేయ్, బతికించినవన్నీ మర్చిపోయాన్రా. దిగిపోయే వారంలో నా చేతుల్లో పోయిన గిత్త మాత్రం రోజూ అన్నం దగ్గర కనపడతది. నీ ఆఖరి కేసు మాత్రం బతికేట్టు చూసుకో."

ఆ మాట అప్పుడు నవ్వులాటగా తీసుకున్నాను. నేను దిగిపోయే నెల వచ్చేసరికి మాత్రం అది నన్ను పట్టుకుంది. మే నెలంతా నట్టల మందులు, గజ్జి మందులు తప్ప పెద్ద కేసులు రాకూడదని కోరుకున్నాను. చివరి రోజున దురదతో ఒక దున్నపోతు వస్తే దానికింత మందు రాసి, ఇంటికి పోదామని నా ప్లాను.

ఆ నెల మొదటి వారంలోనే అటవీ శాఖలో కొత్తగా చేరిన సెక్షన్ ఆఫీసరు అమ్మాయి స్కూటీ మీద వచ్చి దిగింది. మొదటి పోస్టింగు. యూనిఫాం ఇస్త్రీ మడత ఇంకా చెడలేదు.

"సార్, ఒక పేషంటండీ" అంది.

"బయట కట్టేయమ్మా, వస్తన్నా" అన్నాను తల ఎత్తకుండా.

"కట్టేయడానికి లేదు సార్. డబ్బాలో ఉంది."

అది పూతరేకుల డబ్బా. మూతకు చిల్లులు పొడిచి ఉన్నాయి. లోపల తడి నాచు మీద ఆకుపచ్చ బొట్టులాంటిది కూర్చుని నన్ను చూస్తోంది. దాని మొహంలో కళ్ళు తప్ప ఇంకేమీ ఉన్నట్టు లేదు.

సంగతేమిటంటే, తాడేపల్లి దగ్గర ఒక నర్సరీకి పడమటి కనుమల నుంచి లారీలో మొక్కలొచ్చాయి. మంగళగిరిలో కొత్తగా కట్టిన ఆఫీసుల హాళ్ళలో పెట్టే నీడ మొక్కలు. వాటి వేళ్ళకు చుట్టిన నాచులో ఈ ప్రాణి దాక్కుని ఇంత దూరం వచ్చేసింది. నర్సరీ ఆయన దాన్ని కాలువలో వేయబోతే అద్దం లాంటి టైల్స్ గోడ మీద బల్లిలా పాకిందట. మన ఊరి కప్ప ఇలా పాకదే అని ఆయనకు అనుమానం వచ్చి వీడియో తీసి ఈ అమ్మాయికి పంపాడు. అమ్మాయి దాన్ని తనతో చదువుకుని కనుమల్లో కప్పల మీద పరిశోధన చేస్తున్న స్నేహితురాలికి పంపింది. అటునుంచి వెంటనే ఫోనొచ్చింది. అది వానల అడవిలో బతికే చిన్న పొదకప్ప. కొన్ని కొండల మీద తప్ప మరెక్కడా ఉండదు. స్నేహితురాలు పని మీద త్వరలో విజయవాడ రావలసి ఉంది, పై అధికారుల అనుమతి తీసుకుని వెనక్కి తీసుకెళ్తుంది. అప్పటిదాకా అది బతకాలి.

"మా ఆఫీసులో అందరూ నవ్వుతున్నారు సార్. కప్ప కోసం ఇంత హడావుడేంటని. మీరైనా చూస్తారని వచ్చాను" అందా అమ్మాయి.

నవ్వాలనే నాకూ అనిపించింది. బయట ఎండలు రోహిణి కార్తె రాకముందే రోళ్ళు పగిలేట్టున్నాయి. వానల అడవిలో పుట్టిన ప్రాణిని గుంటూరు మే నెలలో బతికించమంటోంది. నా ప్లానులో దురద దున్నపోతు తప్ప ఇది లేదు. వద్దని పంపించేద్దామనుకున్నాను. ఆ అమ్మాయి మూత పెట్టకుండా డబ్బా పట్టుకుని అలాగే నిలబడింది. "సరే, పెట్టు బల్ల మీద" అన్నాను.

ఇక మా వైద్యం వినండి.

కప్ప అంటే నీళ్ళు అనుకుని ముందు ఒక బేసిన్ నిండా నీళ్ళు పోసి అందులో వదిలాను. అది నీళ్ళలో పడీ పడగానే ఎగిరి నా చొక్కా మీదికి దూకి, జేబు అంచెక్కి, అక్కణ్ణుంచి నా మెడ మీదికి వచ్చింది. మా అటెండరు పడీ పడీ నవ్వాడు. అతను నాతో పదేళ్ళుగా ఉన్నవాడు, నన్ను చూసి నవ్వే హక్కు అతనికుంది. ఫోన్లో అడిగితే ఆ పరిశోధన అమ్మాయి చెప్పింది: ఈ కప్ప నీళ్ళలో ఉండదు, ఆకుల మీద ఉంటుంది. గుడ్లు కూడా నీళ్ళలో పెట్టదు. తోకకప్ప దశ అనేదే లేకుండా గుడ్డులోంచి నేరుగా బుల్లి కప్పలే బయటికొస్తాయి. తడి కావాలి గానీ నీళ్ళ గుంట అక్కర్లేదు. నాకీ ముక్క భలే నచ్చింది. ఎల్కేజీ చదవకుండా ఉద్యోగంలో చేరినట్టు అన్నమాట.

తర్వాత తిండి. "చిన్న పురుగులేగా సార్, మిరప తోటలో దులిపితే దోసెడు" అని అటెండరు ఉత్సాహంగా లేచాడు.

"మందు కొట్టని తోటలో పట్టుకురండి అన్నా" అంది ఫారెస్టు అమ్మాయి.

అటెండరు నా వైపు చూశాడు. నేను అతని వైపు చూశాను. పత్తి చేనో, మిరప తోటో, మందు కొట్టని చెక్క ఎక్కడుందా అని ఇద్దరం ఊరంతా మనసులో తిరిగి వచ్చాం. చివరికి జ్యూస్ బండి దగ్గర మిగల మగ్గిన అరటిపళ్ళు తెచ్చి బల్ల మీద పెట్టుకున్నాం. వాటి మీద ముసిరే బుల్లి ఈగలే దానికి భోజనం. కుళ్ళిన అరటిపళ్ళ ముందు కూర్చుని ఈగలు పడుతున్న నన్ను చూసి రైతులు బయటికెళ్ళి, "పాపం, రిటైర్మెంటు దిగులు పట్టుకుంది డాక్టరు గారికి" అనుకున్నారట.

ఎండకు తట్టుకోవాలి కదా అని గదిలో కూలర్ పెట్టించాను. కిటికీకి బిగించి, తడి పీచు మీదుగా చల్లగాలి డబ్బా వైపు వచ్చేట్టు చేశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. మొదటి రోజు బాగానే ఉంది. రెండో రోజు కప్ప ఈగల్ని పట్టించుకోలేదు. ఆ మర్నాటికి రంగు పోయి పాలిపోయింది. కాళ్ళు ముడుచుకుని కూర్చోవలసింది చాపేసి పడుకుంది. కళ్ళు సగం మూసింది.

నాకు భయం వేసింది, దాచుకోవడం ఎందుకు. గేదె పడుకుంటే ఏం చెయ్యాలో నా చేతులకు తెలుసు. దీనికి చెవి లేదు పట్టుకుని చూడటానికి, నాడి ఎక్కడ చూడాలో తెలియదు, నా దగ్గరున్న సూది దానికంటే పొడవు. నా సీనియర్ చెప్పిన గిత్త గుర్తొచ్చింది. నాకు అన్నం దగ్గర జీవితాంతం ఈ గోరంత కప్ప కనపడబోతోందని అనిపించింది.

ఫారెస్టు అమ్మాయిని పిలిపించాం. ఆమె స్నేహితురాలికి వీడియో కాల్ చేసి కప్పను చూపించింది. అటువైపు అమ్మాయి ఓపిగ్గా ఒక్కొక్కటే అడుగుతోంది. నీళ్ళేం నీళ్ళు? కాచి చల్లార్చినవి. నాచు మార్చారా? మార్చాం. గది వేడెంత? కూలర్ ఉంది.

ఉన్నట్టుండి ఆ అమ్మాయి ఆగింది. "ఒక్క నిమిషం సార్. మీ గదిలో అందరూ ఎందుకు తుమ్ముతున్నారు?"

"ఎవరు తుమ్ముతున్నారమ్మా?" అన్నాను. అని తుమ్మాను.

"అందరికీ జలుబా?"

"జలుబేందమ్మా, పక్కన కల్లంలో మిరగాయలు బస్తాలకెత్తతన్నారు. ఎండాకాలం మాకిది మామూలే" అన్నాడు అటెండరు ముక్కు తుడుచుకుంటూ.

అందరం కూలర్ వైపు తిరిగాం. అది గిర్రున తిరుగుతోంది. దాని వెనక వైపు కల్లానికే. ఎండిన మిరపకాయలు ఎత్తేటప్పుడు లేచే ఘాటునంతా లాక్కుని, చల్లబరిచి, తిన్నగా కప్ప మీదికి ఊదుతోంది. కప్ప చర్మంతో కూడా ఊపిరి పీలుస్తుంది. ఆ ముక్క నాకు తెలియక కాదు, కాలేజీలో మొదటి ఏడాదే చదివాను. గాలిలో మిరప ఉందన్న సంగతే మాకెవరికీ గుర్తు లేదు. పుట్టినప్పటి నుంచీ పీల్చే గాలి అది.

పరిగెత్తి కూలర్ ఆపాను. "శుభ్రంగా కడగాలి సార్, కానీ చేతులతో ముట్టుకోకండి. చేతులకి కారం ఉందేమో" అంది ఫోన్లో అమ్మాయి. ఉందేమో ఏమిటి? అటెండరు పొద్దున్నే భార్యతో కల్లానికి వెళ్ళి తొడిమలు తీసి వచ్చాడు. ఫారెస్టు అమ్మాయి దారిలో మిరపకాయ బజ్జీలు తిని వచ్చింది. నేను మధ్యాహ్నం పండుమిరపకాయ పచ్చడి వేళ్ళతో సహా నాకాను. కారం అంటని చేతులు ఆ గదిలో ఒక్క జత లేవు.

గ్లవ్స్ ఉన్నాయి, అవి గేదెలకు వాడేవి, భుజం దాకా వచ్చేవి. అవే తొడిగాను. నీళ్ళతో కడిగి, భుజం దాకా ప్లాస్టిక్ వేసుకున్న చేతి మీద గోరంత కప్పను కూర్చోబెట్టి, సూది తీసేసిన సిరంజితో చుక్క చుక్కగా నీళ్ళు పోశాను. ఒక్కో చుక్కకీ ఆగి దాని కళ్ళ వైపు చూశాను. బుసలు కొట్టే ఒంగోలు గిత్తల్ని లొంగదీసిన చెయ్యి అది.

"చల్లగా, తడిగా ఉండే చోటు కావాలి. మిరప గాలి ఉండకూడదు" అని అటునుంచి ఆదేశం. ఆ నెలలో, మా వైపు! నేను తల పట్టుకున్నాను.

"సార్, మా ఓనరు గారి మగ్గం గది" అంది ఫారెస్టు అమ్మాయి.

ఆమె మంగళగిరిలో ఒక నేతవాళ్ళ ఇంట్లో అద్దెకుంటోంది. ఆమె స్కూటీ నడుపుతుంటే, ఇంత మనిషిని నేను వెనక కూర్చుని, డబ్బా మీద తడిగుడ్డ కప్పి ఒళ్ళో పెట్టుకున్నాను. "కప్పతల్లిని ఊరేగించినట్టే ఉంది సార్, వాన పడుద్దేమో" అని అటెండరు వెనకనుంచి అరిచాడు.

ఆ ఇంటావిడ గుంటమగ్గం మీద ఉంది. కాళ్ళు గుంటలో, చేతులు పోగుల్ని బిగించే పలక మీద. డబ్బాలోకి తొంగి చూసి చెయ్యి ఆపేసింది.

"ఏందమ్మాయ్ ఇది? కప్పని మగ్గం గదిలో పెడతావా? రేపు పడుగు పోగుల్లో దూరితే? పెళ్ళివారి చీరమ్మా ఇది. దీని మీద అదేమన్నా చేస్తే ఎవరు కట్టుకుంటారు?"

"డబ్బాలోంచి రాదండీ, మూతుంది" అని అమ్మాయి బతిమాలింది. ఆవిడ నా వైపు తిరిగింది.

"మీరెవరు బాబూ?"

"గేదెల డాక్టర్నమ్మా."

"గేదెల డాక్టరుకి కప్పతో పనేంటి?"

"నాకూ తెలియట్లేదమ్మా" అన్నాను. ఎందుకో అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "ఈ నెలాఖరుకి దిగిపోతన్నా. ఇదే నా ఆఖరి కేసు. ఇది చచ్చిపోతే నేను తట్టుకోలేను."

ఆవిడ నన్ను కాసేపు పరీక్షగా చూసింది. "మధ్యాహ్నం ఏం తిన్నారు?"

"పండుమిరపకాయ పచ్చడి."

"అయితే గుమ్మం అవతలే ఉండండి. కారం చేతులతో నా నూలు దగ్గరికి మా ఆయన్నే రానివ్వను, మరక పడితే పోదు. అమ్మాయ్, నువ్వూ సబ్బుతో కడుక్కుని రా. అది పడుగులోకి వచ్చిందంటే దాన్నీ నిన్నూ కలిపి బయటికి పంపిస్తా."

అలా అడ్మిషన్ దొరికింది. ఎండాకాలం వేడిగాలి తగిలితే పోగులు పుటుక్కున తెగుతాయని ఆవిడ కిటికీలకు తడి గోనెలు కట్టి, నేల మీద రోజంతా నీళ్ళు చిలకరిస్తుంటుంది. బయట నిప్పులు కురుస్తుంటే ఆ గదిలో మాత్రం శ్రావణమాసం. డబ్బాను గుంట పక్కన గోడ మూల పెట్టింది.

రోజూ సాయంత్రం మగ్గిన అరటిపళ్ళు పట్టుకుని వెళ్ళి గుమ్మం బయట కూర్చునేవాణ్ణి. ఇన్నేళ్ళ సర్వీసులో పేషంటును చూడటానికి నన్ను లోపలికి రానివ్వనిది ఆ ఒక్క ఇల్లే. ఆవిడే మగ్గం మీదనుంచి రిపోర్టు చెప్పేది. "ఇవాళ కాళ్ళు దగ్గరికి లాక్కుంది." "ఒక ఈగను చూసింది, తినలా." మూడో సాయంత్రం నేను చెప్పులు విడవకముందే లోపలినుంచి కేక వినపడింది: "డాక్టరు గారూ, తింది! రెండు తింది! నేను చూశా!" నేను గుమ్మం మీద కూర్చుని ఆ అరటిపండు నేనే తినేశాను. అంత ఆనందం వేసింది.

తర్వాత ఇంకో గొడవ. మగ్గంలో ఎక్కడో టిక్కు టిక్కుమని చప్పుడు వస్తోందని ఆవిడ భర్త చేత మేకులన్నీ బిగింపించింది. చప్పుడు ఆగలేదు. పలక మార్పించింది. ఆగలేదు. ఆయన విసుక్కుని, "నీ చెవులే బిగించాలి ఇక" అన్నాడట. ఆవిడ నేత ఆపి వింటే, అది డబ్బాలోంచి. గోరంత ప్రాణి గొంతు కింద బుడగ పొంగించి ఇల్లంతా వినపడేట్టు పిలుస్తోంది. అప్పట్నుంచి ఆవిడ నేస్తూ నేస్తూ ఆగి వినడం మొదలుపెట్టింది. "నా పని చెడగొడతంది ఇది" అని నాతో ఫిర్యాదు చేస్తూనే, నేను వస్తే "ష్, ఆగండి, ఇప్పుడే అందుకుంది" అనేది.

పరిశోధన అమ్మాయి వచ్చిన రోజు అందరం గుమ్మం దగ్గర చేరాం. పండుమిరపకాయ పచ్చడి మానేసి రెండు రోజులైందని ప్రమాణం చేశాక నన్నూ లోపలికి రానిచ్చారు. ఆ అమ్మాయి డబ్బా మూత తీసి చూసి, "బాగుంది సార్, చాలా బాగుంది. మగది. తోడు కోసం పిలుస్తోంది" అంది.

ఇంటావిడ మొహం మారిపోయింది. "పెళ్ళికొడుకా? ఇన్నాళ్ళూ ఇక్కడ ఎవరు పలుకుతారని పిలిచింది పిచ్చి సన్నాసి. తొందరగా తీసుకెళ్ళమ్మా." గంజి పెట్టని మెత్తటి గుడ్డ ముక్క తడిపి డబ్బాలో ఆవిడే సర్దింది. గుమ్మం దాకా డబ్బా తనే మోసుకొచ్చింది.

తీసుకెళ్ళగానే అడవిలో వదలకూడదట. మన దగ్గరి జబ్బేమైనా అంటించుకుందేమో చూడాలి. అందుకని కొన్నాళ్ళు విడిగా ఉంచుతామనీ, నర్సరీ ఆయన్ని అడిగి ఆ మొక్కలొచ్చిన కొండ ఏదో కనుక్కుని అక్కడే వదులుతామనీ ఆ అమ్మాయి చెప్పింది. కాబట్టి నా కేసు ఇంకా తేలలేదు. కొత్త డాక్టరుకు బీరువా తాళాలు అప్పగిస్తున్నాను, సిరంజిలు లెక్క చెబుతున్నాను, మనసంతా ఫోను మీదే ఉంది.

నెలాఖరు రోజు ఆసుపత్రి ఆవరణలో షామియానా వేసి నాకు వీడ్కోలు సభ పెట్టారు. దండలు, శాలువాలు, మైకు. పాల సంఘం అధ్యక్షుడు ముందు వరుసలో కూర్చున్నారు. నా గురించి ఒకాయన మాట్లాడుతుండగా జేబులో ఫోను మోగింది. దండ మెడలో ఉండగానే లేచి, గేదెల్ని నిలబెట్టే ఇనుప చట్రం పక్కకు పరిగెత్తాను.

ఫోను నిండా వాన చప్పుడు. మన వైపు చినుకు లేదు, అక్కడ అడవంతా కురుస్తోంది.

"సార్, ఇప్పుడే ఆకు మీద పెట్టాను" అంది ఆ అమ్మాయి గొంతు తగ్గించి. "కూర్చునుంది. కదలట్లేదు."

నేను చట్రం గట్టిగా పట్టుకున్నాను. "బతికే ఉందామ్మా?"

"ఉండండి సార్... చుట్టూ చూస్తోంది... ఆఁ, దూకింది సార్! ఆకుల్లోకి వెళ్ళిపోయింది. ఇక కనపడట్లేదు."

సిగ్నల్ పోయింది. నేనక్కడే నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాను. ఎందుకని అడిగితే ఈ రోజుకీ సరిగ్గా చెప్పలేను. ఇంత సంతోషం నాకు ఏ గేదె ఈనినప్పుడూ కలగలేదు.

కళ్ళు తుడుచుకుంటూ వచ్చి కూర్చునేసరికి మైకులో ఉన్నాయన చెయ్యి చాపి చూపించాడు. "చూడండి, సర్వీసు వదిలి వెళ్ళాలంటే డాక్టరు గారికి కన్నీళ్ళు ఆగట్లేదు! అదండీ అంకితభావం!" అందరూ చప్పట్లు కొట్టారు. నేను కాదనలేదు. కప్ప కోసమని చెబితే ఆ శాలువా వెనక్కి తీసుకుంటారేమోనని కూడా కొంచెం భయం.

మైకు నా చేతికిచ్చారు. రాత్రంతా రాసుకున్న ఉపన్యాసం జేబులో ఉంది, తీయబుద్ధి కాలేదు.

"నా ఆఖరి పేషంటు ఇప్పుడే క్షేమంగా ఇల్లు చేరింది" అన్నాను. "నాకు అంతకంటే సన్మానం లేదు. ఇక నేనూ ఇంటికి పోతాను."

చాలాసేపు చప్పట్లు మోగాయి. ముందు వరుసలోంచి పాల సంఘం అధ్యక్షుడు లేచి నిలబడ్డారు. ఆయన కళ్ళు కూడా చెమర్చాయి.

"బాగా చెప్పారు డాక్టరు గారూ! ఇంతకీ పూటకి ఎన్ని లీటర్లిస్తదండీ?"

"చుక్క కూడా ఇవ్వదండీ" అని మైకు ఆయనకే ఇచ్చేసి దిగాను.